గుంతబడిలో ముందు నోరు, తర్వాత చెయ్యి

"ఆ కాగితం తీసెయ్ పెద్దమ్మా."

"ఏంటికి తీయాలప్పా?"

"మా ఇంటి సంగతి గోడకెక్కిస్తే గమ్మునుంటానా?"

"ఎక్కించింది నేను కాదు. రాసింది నీ కూతురు, అంటించింది నీ కూతురు. నేను గంజి మాత్రం ఇచ్చినా."

"గంజి నీది, గోడ నీది. ఇంకేం కావాల?"

"అబద్ధం రాసింటే నేనే చించి పొయ్యిలో పెట్టుంటా. యాడ అబద్ధముందో చూపియ్యి."

"అబద్ధమని నేనన్నానా? హంస మెడ పోయింది నిజమే. పిల్ల పేరు చెప్పింది నిజమే. నిజమైతే వీధికంతా అంటియ్యల్లా? మీ ఇంట్లో జరిగిన నిజాలన్నీ అంటించినావా నువ్వు?"

ఈ చివరి మాట నిజమే, మా ఇంటి నిజాలు నేనెప్పుడూ అంటించలేదు. అయినా మాట తగ్గించలేదు. తగ్గించే అలవాటు నాకు లేదు.

మాట్లాడుతున్నది నరసింహులు, మా వీధిలోనే మూడిళ్ల అవతల ఉండే నేతగాడు. ధర్మవరంలో మంచి పనివాళ్లని పేరున్న కొద్దిమందిలో ఒకడు. అతని కూతురు హర్షిత ఎనిమిదో తరగతి. బడి అయ్యాక రోజూ మా ఇంట్లో నడిచే సాయంకాలపు కేంద్రానికి వచ్చేది. శనివారం శనివారం పిల్లలు తాము రాసిన కాగితాలను మా వసారా గోడకు అంటించేవాళ్లు. ఆ శనివారం హర్షిత అంటించింది ఇది:

"మా నాయన నేసిన చీర కొంగులో హంసకు మెడ లేదు. తల ఒక చోట ఉంది, ఒళ్లు ఒక చోట ఉంది. షావుకారు అడిగితే మా నాయన 'అట్టలు మా పాప కుట్టింది' అని చెప్పాడు. నేను కుట్టలేదు. నన్ను అట్టలు ముట్టుకోనివ్వరు. నేను కండెలు చుడతాను, అంతే. షావుకారు నన్ను చూసి 'చదివే పిల్లకు పని చెప్తే ఇంతే' అని నవ్వాడు. అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు."

మగ్గం తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. చీర మీద బొమ్మ రావాలంటే చిల్లులు పొడిచిన అట్టలను వరుస తప్పకుండా దారంతో కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. ఏ అట్ట తర్వాత ఏ అట్ట అన్నదే బొమ్మ. నాలుగు అట్టలు తారుమారైతే హంసకు మెడ పోతుంది. ఆ కుట్టడం పెద్దవాళ్ల పని. దారాన్ని కండెలకు చుట్టే పిల్లల చేతికి ఎవరూ ఇవ్వరు.

"సోమవారం షావుకారు మనిషి కొత్త చీరలకు పడుగు దారం తెస్తాడు" అన్నాడు నరసింహులు. "ఈ దావనే వస్తాడు. ఇది చదివితే పడుగు దించుతాడా, వెనక్కి ఎత్తుకుపోతాడా? నువ్వే చెప్పు పెద్దమ్మా. కాగితం తీస్తావా, పిల్లను మాన్పించమంటావా? రెండిట్లో ఒకటి."

"రాసినోళ్లే తీయాల. ఈ బడి పద్ధతి అది. పాపనడుగు."

హర్షిత లోపల గుంతలో కాళ్లు వేలాడదీసుకుని కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

ఈ గొడవ ఎట్లా తెగిందో చివర చెబుతాను. ముందు ఆ గుంత ఏమిటో, ఆ గోడ ఏమిటో, చదువు అంతంతమాత్రంగా ఉన్న నేను పిల్లలకు రాయడం ఎట్లా నేర్పానో చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. విడివిడిగా చెప్పడం కన్నా ఒకసారి రాసిపెడితే నా నోరూ, వాళ్ల పొద్దూ మిగులుతాయి.

గుంత

మాది తనకల్లు పక్కన పల్లె. నాలుగో తరగతి దాకా చదివాను. ఐదు ఆ బడిలో లేదు. ఉన్నా పంపేవాళ్లు కారు, శనక్కాయలు పెరికే రోజులు. పెళ్లయి ధర్మవరం వచ్చాక నా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీదే. అంగడి నుంచి చక్కెర వస్తే ముందు పొట్లం చదివి, తర్వాత చక్కెర డబ్బాలో పోసేదాన్ని. సగం కథ దొరికేది, మిగతా సగం ఇంకెవరి ఇంటికో పోయి ఉండేది.

మా ఇంటాయన పోయాక మగ్గం అమ్మేశాను. మగ్గం పోయినా దాని కింద గుంత ఉండిపోయింది. నేతగాడు కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంత. పూడ్చమని అందరూ చెప్పారు. మట్టి కొనాలి, కూలీ ఇవ్వాలి. ఊరికే ఉన్నదాన్ని దుడ్లు పెట్టి పూడ్చడం ఎందుకని వదిలేశాను.

మగ్గాల ఇళ్ల పిల్లలకు సాయంకాలం చదువు చెప్పే ఒక సంస్థవాళ్లు మా వీధిలో గది వెతుకుతూ వచ్చారు. గది ఇచ్చాను. పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు ఎవరూ దొరకక సులోచన మేడం అనే సూపర్‌వైజరు నన్నే అడిగింది. "నాకేం చదువుందమ్మా" అంటే, "మీ వీధి గురించి ఒక పేజీ రాసివ్వండి" అంది. రాసిచ్చాను. పంపు దగ్గర బిందెల వరుస, ఎవరు ముందు, ఎవరు వెనక, ఆ రోజు జరిగిన కొట్లాట. ఆమె చదివి తప్పులు దిద్దలేదు. ఒక్కటే అడిగింది.

"ఇది ఎవరి కోసం రాశారు ఓబుళమ్మ గారూ?"

"మీరే కదా రాయమన్నారు. మీకోసమే."

"నాకు మీ వీధి తెలియదు. కొట్లాట జరిగిందని రాశారు, ఎందుకు జరిగిందో రాయలేదు. మీకు తెలుసు కాబట్టి వదిలేశారు. నేనేం చేయాలి?"

ఆ ప్రశ్న ఈ పనిలో నాకు దొరికిన మొదటి జీతం. ఆ రోజు నుంచి పని మానేదాకా ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లవాడినీ అదే అడిగాను. ఎవరి కోసం రాస్తున్నావు?

పిల్లలు వచ్చిన మొదటి రోజే గుంత చుట్టూ చేరి, అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశారు. అడ్డంగా ఒక పలక చెక్క వేస్తే అదే బల్ల. బెంచీల ఖర్చు తప్పింది. అందుకే మా కేంద్రానికి గుంతబడి అని పేరొచ్చింది. సంస్థవాళ్లు పెట్టిన అసలు పేరు బోర్డు మీద ఉండేది. ఎవరూ పలకలేదు.

ముందు నోటితో చెప్పు

కాగితం విషయంలో నేను పిసినారిని. పిల్లలు చాటుగా అనేవాళ్లు, నాకు వినపడేది, ఊరుకునేదాన్ని. పాత క్యాలెండర్ల వెనక పక్క, చీరల అంగళ్లలో పారేసే అట్టపెట్టెల లోపలి కాగితం, ఇవే మా సరుకు. పెన్సిలు వేలెడంతకు అరిగిపోతే విరిగిన కండె గొట్టంలో దూర్చి రాయించేదాన్ని. గొట్టంలోంచి బయటికి రానంత చిన్నదైనప్పుడే కొత్తది ఇచ్చేదాన్ని.

ఇట్లాంటి చోట పిల్లలు ఒక వాక్యం రాసి, నచ్చక కొట్టేసి, కాగితం ఉండచుట్టి పారేస్తే నా ప్రాణం పోయేది. అందుకని ఒక పద్ధతి పెట్టాను. పెన్సిలు నా దగ్గర ఉంటుంది. రాయాలనుకున్నది ముందు నోటితో చెప్పాలి. కాగితం ఖర్చు పెట్టదగ్గ మాట అయితేనే పెన్సిలు ఇస్తాను.

ఒకరోజు ఒక పిల్ల జాతరకు పోయొచ్చింది.

"చెప్పు."

"జాతర శానా బాగుండె అవ్వా."

"ఏం బాగుండె?"

"అన్నీ."

"అన్నీ అంటే కాగితం దండగ. ఒకటి చెప్పు."

"రంగులరాట్నం ఎక్కినా."

"అది అందరూ ఎక్కుతారు. నీకేమైంది?"

"పైకి పోయినప్పుడు మా అమ్మ కనపడల్యా. జనంలో అందరూ ఒకటే మాదిరి ఉండారు. కిందికొచ్చేలోపల ఏడ్చుకున్నా."

"ఇదిగో పెన్సిలు."

ఇంతకన్నా పెద్ద విద్య నా దగ్గర లేదు. "బాగుంది", "అందంగా ఉంది", "సంతోషం కలిగింది" అనే మూడు మాటలకు మా గుంతలో పెన్సిలు దొరకదు. పిల్లలు తిట్టుకునేవాళ్లు. కొందరు ఏడ్చారు. నేను మెత్తబడలేదు. ఏడుపు ఆగాక చెప్పిన మాట మొదట చెప్పినదానికన్నా ఎప్పుడూ మేలుగానే ఉండేది.

నోటితో చెప్పించడం వల్ల ఇంకొకటి జరిగింది. గుంత చుట్టూ ఉన్న మిగతా పిల్లలు వినేవాళ్లు. "అంతేనా, తర్వాత?" అని వాళ్లే అడిగేవాళ్లు. తర్వాత తర్వాత నేను అడగాల్సిన పనే లేకపోయింది. మా పిల్లలంత మొండిగా ప్రశ్నలు వేసేవాళ్లను నేను కోర్టులో కూడా చూడలేదు. ఇంటి హద్దు తగాదాకు ఒకసారి కోర్టుకు పోయాను, అందుకే అంటున్నాను.

పుస్తకంలో పారే ఏరు

ఇర్ఫాన్ అని ఒక పిల్లవాడు. తెలివైనవాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది. బడిలో "మా ఊరు" వ్యాసం రాసి తెచ్చాడు. "మా ఊరి పక్కన నది గలగలా పారుతూ ఉంటుంది. నది ఒడ్డున కొబ్బరి తోటలు కనులపండువుగా ఉంటాయి. పచ్చని వరిచేలు తలలూపుతూ ఉంటాయి."

"యాడ పారతాండాదిరా?" అన్నాను.

"పుస్తకంలో అవ్వా."

"మన ఊరి పేరు రాసినావు కదరా పైన."

"ఊరి పేరు మనదే రాయల్ల. నది మాత్రం పుస్తకంలోదే రాయల్ల. అందరూ అట్లే రాస్తారు."

నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు. మా చిత్రావతిలో నీళ్లు పారితే ఊరు ఊరంతా పోయి చూసి వస్తుంది. ఆ ఆదివారం పొద్దున్నే పిల్లలందరినీ ఏటికి తీసుకుపోయాను. చూడండి, చూసింది నాకు చెప్పండి అన్నాను. ఇర్ఫాన్ చాలాసేపు ఇసుకలో కూర్చుని చివరికి చెప్పాడు. వచ్చి రాశాడు: "మా ఏట్లో నీళ్లు లేవు. మేకలు నడిచిన చోట చిన్న గుంతలు ఉన్నాయి. వాన వస్తే నీళ్లు మొదట ఆ గుంతల్లోకే వస్తాయి. ట్రాక్టరు పోయిన చోటికి తర్వాత వస్తాయి."

ఆ కాగితం అతుకులు పడేదాకా గోడ మీద ఉంచాను. కానీ కథ అక్కడ అయిపోలేదు. వాడు అదే వ్యాసం బడి పరీక్షలో రాశాడు. మార్కులు తగ్గాయి. "నీవల్లే" అని నా మీదికొచ్చాడు.

"పరీక్షలో పుస్తకం నది రాసుకో. ఈడ మన ఏరు రాయి. ఏది ఏదో నీకు తెలిసింటే చాలు" అన్నాను.

సులోచన మేడం దీనికి ఒప్పుకోలేదు. "రెండు రకాలుగా రాయమంటే పిల్లలు సులువైనదాన్నే పట్టుకుంటారు ఓబుళమ్మ గారూ" అంది. ఆమె చెప్పినదాంట్లో న్యాయముంది. కానీ మార్కులు పోతే ఇంట్లో మగ్గం ఎక్కించే పిల్లల దగ్గర కూర్చుని నేను ఇంకోమాట చెప్పలేను. ఇప్పటికీ నా మాట నాదే, ఆమె మాట ఆమెదే. మీరు ఏది పట్టుకుంటారో మీ ఇష్టం.

ఇర్ఫాన్ ఇప్పుడు ఉరవకొండలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. ఒకసారి ఆ దారిన పోతూ దిగి చూశాను. పక్క అంగళ్లన్నిటికీ "అన్ని రకాల ఫోన్లు అతి తక్కువ ధరకు" అని బోర్డులు. వీడి బోర్డు మీద "బాగయ్యేదైతేనే తీసుకుంటాం" అని ఉంది. వాడే రాసుకున్నాడట. అంగట్లో జనం ఉన్నారు. నాకు కడుపు నిండింది. అయినా "అక్షరాలు ఇంకొంచెం పెద్దగా రాయల్ల" అని చెప్పి బస్సెక్కాను.

ఎర్ర పెన్ను, ఉండాది

మొదట్లో మా కేంద్రాల్లో అందరికీ ఎర్ర పెన్నులు ఇచ్చారు. అందరం తప్పులకు సున్నాలు చుట్టాం. రెండు నెలలకు పిల్లల రాతలు కుంచించుకుపోయాయి. పేజీ రాసేవాళ్లు నాలుగు వరుసలు, నాలుగు రాసేవాళ్లు ఒకటి. ఎక్కువ రాస్తే ఎక్కువ సున్నాలని వాళ్లకు అర్థమైంది. బుక్కరాయసముద్రంలో జరిగిన శిక్షణలో సులోచన మేడం పెన్నులన్నీ వెనక్కి ఇచ్చేయమంది. "మొదట చదవండి. చదివి మీకేం తెలిసిందో పిల్లకు చెప్పండి. తప్పుల సంగతి ఆ తర్వాత" అంది. నేను ఆ పెన్ను ఇచ్చేయలేదు. ఇంట్లో పాల లెక్కకు పనికొచ్చింది.

"ఉండాది" గురించి ప్రతివాళ్లూ అడుగుతారు. మన పిల్లలు ఇంట్లో "ఉండాది" అంటారు, పుస్తకంలో "ఉంది" అని ఉంటుంది. ఏది రాయించాలి? నా పద్ధతి ఇది. కథ నువ్వు చెబుతుంటే "ఉంది". కథలో మీ అవ్వ మాట్లాడితే "ఉండాది". మీ అవ్వ నోట్లో "ఉంది" పెడితే ఆమె మీ అవ్వ కాదు, టీవీలో వార్తలు చదివే ఆమె. ఇది పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. పెద్దవాళ్లకే పదిసార్లు చెప్పాల్సొస్తుంది.

సులోచన మేడం బదిలీ అయ్యాక ప్రసాద్ అనే కుర్రవాడు సూపర్‌వైజరుగా వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఒకసారి కేంద్రాన్ని చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారని, గోడ మీద కాగితాలన్నీ తీయించి, పిల్లలందరితో "నా లక్ష్యం" రాయించమన్నాడు. ఒకరు డాక్టరు, ఒకరు కలెక్టరు, ఒకరు టీచరు అవుతామని రాయాలట. ఎవరు ఏమవుతారో లిస్టు కూడా తెచ్చాడు.

"మా దాంట్లో ఎవరూ కలెక్టరు అవుతానని చెప్పలేదు నాయనా. ఒకడు మాత్రం టీ అంగడి పెడతానన్నాడు" అన్నాను.

"అది వాళ్ల ముందు బాగుండదమ్మా."

"బాగుండదు అంటే ఏం బాగుండదు?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. అతను ముఖం మాడ్చుకుని పోయాడు. కాగితాలు గోడ మీదే ఉంచాను గానీ, వచ్చినవాళ్లు అటువైపు చూడనే లేదు. టీ తాగి, గుంతతో ఫొటో తీసుకుని పోయారు. ప్రసాద్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నిజానికి ఆ రోజు నాకే కొంచెం కష్టమైంది. గోడ కోసం కొట్లాడాక ఒక్కరైనా చదివి ఉంటే బాగుండేది.

గోడ

గోడ ఎందుకంటే, పిల్లల రాతకు చదివేవాళ్లు కావాలి. టీచరు చదవడం చదవడం కాదు, అది ఆమె పని. దావన పోయేవాడు ఆగి చదవాలి. మా వసారా పక్కనే టీ అంగడి ఉంది. గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడి చదివేవాళ్లు. "ఎవర్రా ఇది రాసింది?" అని ఎవరైనా అడిగితే, రాసిన పిల్ల ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆ మాటే చెప్పేది. వాళ్ల అమ్మలు నాకు చెప్పేవాళ్లు.

రాసినవాళ్లే తీయాలన్న పద్ధతి ఇంకో సంగతి వల్ల వచ్చింది. ఒక పిల్లవాడు తన అన్న పరీక్ష తప్పి ఇంట్లో చెప్పకుండా తిరిగిన సంగతి రాశాడు. అన్న వచ్చి పరపరా చించేశాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడు చాలా రోజులు కాగితం మీద అడ్డగీతలు తప్ప ఏమీ రాయలేదు. పెన్సిలు ఇస్తే గీతలు, గీతల కింద గీతలు. అప్పుడు పెద్దక్షరాలతో గోడ మీదే రాశాను, రాసినవాళ్లు తప్ప ఎవరూ తీయకూడదని.

ఈ పద్ధతితో తంటాలు లేవని అనను. ఇంటి గుట్టు వీధిలో పెడితే పెద్దవాళ్లకు నొప్పి. అందుకే అంటించే ముందు నేను చదువుతాను. పక్కింటివాళ్లను వెక్కిరించడానికి రాసినవి పక్కన పెడతాను. హర్షిత కాగితాన్ని కూడా చదివాను. అంతకు ముందు, పెన్సిలు ఇవ్వకముందే, మూడుసార్లు నోటితో చెప్పించాను. మూడుసార్లూ అదే చెప్పింది, గొంతు పెంచకుండా.

"ఇది ఎవరి కోసం రాస్తాండావు?" అన్నాను.

"మా నాయన కోసం."

"ఇంట్లోనే చెప్పొచ్చు కదా."

"చెప్పినా అవ్వా. మగ్గం ఆపలేదు. మగ్గం శబ్దంలో వినపడల్యా అన్నాడు."

పెన్సిలు ఇచ్చేశాను.

ఆ సాయంకాలం

మళ్లీ గొడవ దగ్గరికి వస్తాను. పాపనడుగు అన్నాను కదా. నరసింహులు గుంత అంచుకు వచ్చి నిలబడ్డాడు. మిగతా పిల్లలు కాళ్లు పైకి తీసుకున్నారు.

"తీస్తావా మే?"

"తీయను నాయనా."

"ఏంటికి?"

"నువ్వింకా చదవలేదు కదా."

అప్పుడు నాకు తెలిసింది. అతను ఆ కాగితం చదవకుండానే కొట్లాటకు వచ్చాడు. టీ అంగడి దగ్గర ఎవరో చదివి చెబితే, అక్కడి నుంచి నేరుగా నా మీదికి వచ్చాడు. గోడ పక్కనే నిలబడి ఇంతసేపు నాతో అరిచాడు గానీ తల తిప్పి చూడలేదు.

"చదువుకో పో" అన్నాను. "నువ్వు ఐదో తరగతి. నాకన్నా ఒకటి ఎక్కువే."

వసారాలోకి వెళ్లి నిలబడ్డాడు. పెదవులు కదుపుతూ చదివాడు. కండెల మాట దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చివరి వరుస అయ్యాక కూడా అక్కడే ఉన్నాడు. వెనక నుంచి చూస్తే ఇంకా చదువుతున్నట్టే ఉంది. కానీ పెదవులు కదలడం లేదని పక్కనున్న పిల్లలు సైగ చేశారు.

వెనక్కి తిరిగి నాతో అన్నాడు. "నవ్వింది ఊరికే నవ్వినా పెద్దమ్మా. షావుకారు నవ్వితే మనం నవ్వకుండా ఉంటామా?"

"ఆ మాట నాకేంటికి చెప్తావు? రాసింది నేను కాదు."

అతను కూతురి వైపు చూశాడు. "రా, ఇంటికి పోదాం" అన్నాడు. హర్షిత పలక చెక్క మీద పెన్సిలు పెట్టి, లేచి అతని వెంట పోయింది. కాగితం గోడ మీదే ఉంది. పిల్ల మళ్లీ వస్తుందో రాదో నాకు తెలియలేదు. అప్పటికే కేంద్రాన్ని మా ఇంటి నుంచి బడిలోకి మార్చాలని తేల్చారు, నా పని ఇంకో వారమే మిగిలింది. చివరి వారంలో ఒక పిల్లను పోగొట్టుకున్నానా అనిపించింది. గోడ పద్ధతి సరైనదేనా అని మాత్రం అనిపించలేదు.

మరుసటి పొద్దున

ఆదివారం. వసారా ఊడుస్తున్నాను. తండ్రీ కూతురూ వచ్చారు.

"పెద్దమ్మా, దాని కింద ఇంకో కాగితం అంటియ్యాల. ఉండాదా?"

క్యాలెండరు ఒకటి తెచ్చి సగానికి చించి ఇచ్చాను. కండె గొట్టంలో పెన్సిలు ఇచ్చాను. నరసింహులు గుంత అంచు మీద కూర్చున్నాడు. అలవాటైన మనిషి, కాళ్లు వాటంతట అవే లోపలికి పోయాయి. హర్షిత పక్కన కూర్చుంది.

"రాయి మే. ఆ పొద్దు నాకు శానా ఇబ్బందిగా ఉండె..."

"ముందు నోటితో చెప్పు నాయనా."

"నోటితోనే కదా చెప్తాండాను."

"ఇబ్బంది అంటే ఏం ఇబ్బంది?"

"ఇబ్బంది అంటే ఇబ్బందే."

"కాగితం దండగ. ఏమైందో చెప్పు."

అతను నా వైపు చూశాడు. నేను చీపురు ఆపలేదు.

"అట్టలు నేనే కుట్టినా" అన్నాడు.

"ఊ."

"షావుకారు నలుగురి ముందర అడిగినాడు. నోరు తెరిస్తే నా పేరు రాలేదు. నీ పేరొచ్చింది."

"ఇంకొకసారి చెప్పు."

చెప్పాడు. ఆమె రాసుకుంది. రాసి, పెన్సిలు ఎత్తి అడిగింది. "నవ్వింది?"

"అది కూడా రాయల్లా?"

"ఎవరి కోసం రాస్తాండావు?"

"నీకోసమే కదా మే."

"అట్లైతే రాయల్ల."

"షావుకారు నవ్వితే నవ్వినా. నీ మొగం చూడలేదు. చూసింటే నవ్వకపోదును."

ఆ మాటను ఆమె రెండోసారి చెప్పించలేదు. రాసేసింది.

నేను గంజి గిన్నె తెచ్చాను. "రేపు షావుకారు మనిషి వస్తాడు కదప్పా" అన్నాను.

"రానీ పెద్దమ్మా. వానికి చదువొస్తుంది, చదువుకోనీ."

కాగితాన్ని అతనే అంటించాడు. పడుగుకు గంజి పట్టించిన చేతులు, ఒక్క ముడత పడలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని మగ్గం దగ్గరికి పోయాడు. హర్షిత అతని వెంట పోలేదు. గుంతలో కాళ్లు పెట్టుకుని, ఇంకో కాగితం ఉందా అని అడిగింది. క్యాలెండరులో మిగిలిన సగం ఇచ్చాను.